గవ్వలరేవు సీళ్ళ సంక్షేమం

సముద్ర క్షీరద సంరక్షణ మండలివారి సర్క్యులరు గవ్వలరేవు పురపాలక సంఘానికి చేరిన పూట, పశువైద్యురాలు కోరాడ ఇందుమతి పక్కనే ఉన్న పశువుల ఆసుపత్రిలో పాలు అమ్ముకునే పైడమ్మ గేదె కడుపులోకి మోచేతిదాకా చెయ్యి పెట్టి, అడ్డం తిరిగిన దూడని సరిచేస్తూ ఉంది. దూడ సర్దుకుంది. ఆ సర్క్యులరు వల్ల అడ్డం తిరిగినవి మాత్రం చాలాకాలం దాకా సర్దుకోలేదు.

ఇంగ్లీషులో వచ్చిన ఆ కాగితం అడిగింది కొంచెమే. మీ అధీనంలో సీల్స్ ఎన్ని ఉన్నవి, వాటి శారీరక స్థితి ఎట్లున్నది, ఎక్కడ ఉంచుచున్నారు, మేత ఏమి పెట్టుచున్నారు, తెలుపవలెను. మునిసిపల్ మేనేజరు పేరినాయుడు సర్వీసు మొత్తంలో పైవాళ్ళు అడిగిన ఏ ప్రశ్నకీ జవాబివ్వకుండా ఉండలేదు, ఏ ప్రశ్న ఎందుకు అడిగారని తిరిగి అడగనూ లేదు. బీరువా తీసి చూసి, ఉన్నదున్నట్టు రాశాడు.

"కార్యాలయమందు తొమ్మిది సీళ్ళు కలవు. కొన్ని గుండ్రటివి, కొన్ని పలకలవి. రెండింటికి ముఖము అరిగిపోయినది. ఒకదాని మెడ విరిగినందున దారముతో కట్టి వాడుచున్నాము. అన్నింటినీ ఒకే రేకు డబ్బాలో పెట్టి తాళము వేయుచున్నాము. ఆఫీసు వేళలలో బల్లకేసి కొట్టుచున్నాము. మేత ఏమియు లేదు. ఎండిపోయినప్పుడు సిరా పట్టించుచున్నాము."

ఆ మండలి సంగతి ఇక్కడ కొంత చెప్పాలి. సీల్ అనేది చలిదేశాల సముద్రపు జంతువు. కుక్క మొహం, పిల్లి మీసాలు, చేప ఒళ్ళు. మన తీరాల్లో అది లేదు. కానీ ఎప్పుడో ఏదో దేశంలో జరిగిన సదస్సులో మనవాళ్ళు భోజనాలయ్యాక ఒక ఒప్పందం మీద సంతకం పెట్టి వచ్చారు కనక, సీళ్ళను రక్షించడానికి మండలి పుట్టింది. దానికి భవనం వచ్చింది, కార్లు వచ్చాయి, సంచాలకులు, ఉపసంచాలకులు వచ్చారు. సీళ్ళు మాత్రం రాలేదు. ఒక్క జంతువునైనా చూపించండి, లేకపోతే మూసుకోండి అని ఆర్థికశాఖవారు ఏటా బెదిరించేవారు. చివరికి మండలివారు దేశంలోని ప్రతి ఆఫీసుకీ సర్క్యులరు పంపారు. జవాబులు వచ్చాయి. తాసిల్దారు ఆఫీసుల్లో సీళ్ళు, రిజిస్ట్రారు ఆఫీసుల్లో సీళ్ళు, పోలీసు ఠాణాల్లో సీళ్ళు. లెక్క కడితే ఉత్తర ధ్రువంలో కూడా అన్ని సీళ్ళు లేవు. అధ్యక్షులవారు పేరినాయుడి జవాబు చదివి కన్నీళ్ళు పెట్టుకున్నారట. అవి ఆనందబాష్పాలా, జాలి కన్నీళ్ళా అన్న విషయంలో మండలిలోనే రెండు అభిప్రాయాలున్నాయి.

ఉత్తర్వులు తక్షణం వచ్చాయి. సీళ్ళను బల్లకేసి కొట్టరాదు. డబ్బాలో కుక్కరాదు. ఉదయం కాసేపు మాత్రమే పని చేయించవలెను. వాటిని శీతల గదిలో ఉంచవలెను. ప్రతి ఊళ్ళోనూ దగ్గరలో ఉన్న పశువైద్యులు, తమ విధులకు అదనంగా, సీళ్ళ సంక్షేమాధికారిగా వ్యవహరించవలెను.

ఇందుమతి చేతులు కడుక్కుని, ఆ కాగితం పట్టుకుని కమిషనరు దగ్గరికి వెళ్ళింది. కమిషనరు నిష్ఠల వామనరావు నెమ్మదస్తుడు. నోట్ ఫైలులో రాసినట్టే మాట్లాడేవాడు. ఇవి రబ్బరు ముక్కలని, వీటికి ప్రాణం లేదని ఆమె ఆయనకి ఓపిగ్గా చెప్పింది.

"పదార్థం గురించి ఉత్తర్వులో ఏమీ లేదమ్మా," అన్నాడాయన. "ఇవి జంతువులని పైవారు భావించుచున్నారు. పైవారు భావించినదాన్ని కిందివారు కూడా భావించడమే క్రమశిక్షణ."

పోనీ సీలు అనడం మానేసి ముద్ర అందాం, గొడవ వదులుతుంది అంది ఇందుమతి. వామనరావు ఆ సూచనని శ్రద్ధగానే ఆలోచించాడు. ముద్ర అన్నది అనువాదమనీ, అనువాదానికి చట్టబలం ఉండదనీ తేల్చాడు.

ఇందుమతి తిరిగి వచ్చేటప్పటికి ఆఫీసు వెనక గదికి కూలీలు సున్నం వేస్తున్నారు. వారం తిరక్కుండా అందులో ఏసీ బిగించారు, పక్కనే పెద్ద ఫ్రిజ్ పెట్టారు. పశువుల ఆసుపత్రిలో గాలికుంటు టీకా మందు దాచడానికి ఒక ఫ్రిజ్ ఇప్పించమని ఆమె ఉద్యోగంలో చేరిన నాటినుంచీ అర్జీలు పెడుతూనే ఉంది. టీకాలు వచ్చిన ప్రతిసారీ చేపల మార్కెట్టు నుంచి ఐసు తెచ్చి థర్మాకోల్ పెట్టెలో కప్పి, కరిగేలోగా ఊళ్ళన్నీ పరిగెత్తేది. ఆమెకి ముందు కోపం వచ్చింది. తరవాత ఆలోచన వచ్చింది. టీకా మందు పెట్టెలన్నీ మోయించుకుని వెళ్ళి ఆ ఫ్రిజ్‌లో సర్దేసి, నివేదికలో "సీళ్ళకు సంబంధించిన మందులు" అని రాసింది. ఆ యేడు గవ్వలరేవు చుట్టుపక్కల ఒక్క గేదెకి కూడా గాలికుంటు రాలేదు. సీళ్ళకి కూడా రాలేదని ఆమె నివేదికలోనే మరో వాక్యం ఉంది. అందులో అబద్ధం ఏమీ లేదు.

ఫ్రిజ్ వచ్చిన వెనకే మండలి నుంచి తనిఖీకి ఉపసంచాలకుడు డాక్టర్ సదాశివ పాణిగ్రాహి వచ్చాడు. బరంపురం మనిషి, తెలుగు బాగా వచ్చు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఎవరికో క్షమాపణ చెప్పబోతున్నట్టు ఉండేవాడు. పేరినాయుడు శీతల గది తలుపు తీసి, మెత్తటి గుడ్డ మీద వరసగా పడుకోబెట్టిన సీళ్ళను చూపించాడు. పాణిగ్రాహి దగ్గరికి వెళ్ళి వంగి చూశాడు. ఒకదాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, తన అరచేతి మీద నెమ్మదిగా అద్దుకున్నాడు. పురపాలక సంఘం చిహ్నం పడింది. చుట్టూ అక్షరాలు, మధ్యలో ఒక చేప.

"చేప," అన్నాడు. "గ్రంథాల్లో కూడా చేపే ఆహారమని ఉంది."

వామనరావు ఆ మాట వెంటనే రాసుకున్నాడు. మర్నాటినుంచి మునిసిపాలిటీ ఖర్చుతో సీళ్ళకి కానాగంత చేపలు రావడం, మధ్యాహ్నం వేళకి సిబ్బంది ఇళ్ళల్లో పులుసు ఉడకడం మొదలైంది. శాకాహారి అయిన వామనరావు వాటా పేరినాయుడికి వెళ్ళేది.

తనిఖీ అయ్యాక పాణిగ్రాహి పక్కనున్న పశువుల ఆసుపత్రి అరుగు మీద వచ్చి కూర్చున్నాడు. ఇందుమతి టీ తెప్పించి, ఎవరూ లేనప్పుడు నేరుగానే అడిగింది, మీరు చదువుకున్నవారు కదా, వాటిని జంతువులని నిజంగా నమ్ముతున్నారా అని.

ఆయన గ్లాసు కింద పెట్టాడు. "నేను సీలు మీసాల మీద పరిశోధన చేశానండి," అన్నాడు. "చీకటి నీళ్ళలో చేప పోయిన దారిని అది మీసాలతోనే పసిగడుతుంది. చేప వెళ్ళిపోయాక కూడా. అదంతా పుస్తకాల్లో చదివి రాశాను. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఒక్క సీలునైనా కళ్ళతో చూడలేదు. చూడ్డానికి పంపమని అడిగితే, ముందు మన దేశంలోవి రక్షించండి, తరవాత చూద్దాం అన్నారు. ఇప్పుడు లేవని రాస్తే మండలి ఉండదు. ఉన్నాయని రాస్తే నేను చదివిన చదువు ఉండదు. మీరైతే ఏం రాస్తారు చెప్పండి?"

ఇందుమతి ఇంకో టీ తెప్పించింది. ఆయన ఆ టీ తాగి, "మీసములు కానరావు, ఎండిన దశలో ఉన్నవి, మరింత పరిశీలన అవసరము" అని రాసి వెళ్ళాడు. అందులో కూడా అబద్ధం ఏమీ లేదు.

ఊళ్ళో మాత్రం కష్టం పెరిగింది. సీళ్ళు ఉదయం కాసేపు పని చేసి విశ్రాంతికి వెళ్ళిపోతున్నాయి. కొట్టకూడదు కనక పేరినాయుడు ఒక్కొక్క కాగితం మీద సీలుని చంటిబిడ్డని దించినట్టు దించి, అద్ది, లేపి, తడిగుడ్డతో మొహం తుడిచేవాడు. జనన ధ్రువపత్రాలు, మరణ ధ్రువపత్రాలు గుట్టలుగా పేరుకుపోయాయి. ఊళ్ళో పుట్టినవాళ్ళు పుట్టనట్టూ, పోయినవాళ్ళు పోనట్టూ అయింది. పాలకేంద్రంవాళ్ళు మునిసిపాలిటీ సీలున్న అనుమతి కాగితం చూపిస్తేనే పాలు పోయించుకుంటారు. పైడమ్మ అనుమతికి గడువు తీరిపోయింది. కొత్త కాగితం రాసి సంతకం పెట్టి సిద్ధంగా ఉంది, సీలు లేదు. రోజూ వచ్చి మునిసిపల్ ఆఫీసు గోడ దగ్గర నిలబడి వెళ్ళేది. ఒకరోజు బిందెతో సహా వచ్చి ఇందుమతి ముందు కూర్చుంది.

"డాట్రమ్మా, నా గేదిని నువ్వు బతికించేవు. బతికిన గేది పాలిత్తంది. ఆ పాలు కాలవలో పోత్తన్నాను," అంది. "మా వీదిలో అందరికీ పోసీసినాను, ఇంక తాగలేమంతన్నారు. ఆ ముద్దర ఎప్పుడు లెగుత్తాదో నువ్వే సెప్పాల. దానికి డాట్రివి నువ్వే అంట గదా."

ఇందుమతి తలెత్తలేకపోయింది. ఆ ఉత్తర్వులు చూసి నవ్వుకుంటూ వచ్చిన మనిషికి, ఆ ఫ్రిజ్ దక్కించుకున్నానని మురిసిపోయిన మనిషికి, నవ్వు ఆగిపోయింది. ఆ సాయంత్రమే సీళ్ళ సంక్షేమాధికారి హోదాలో జిల్లా అధికారులకి రాసింది. సీలు అనే మాటకి ఎన్ని అర్థాలున్నాయో, అవి ఎక్కణ్ణుంచి వచ్చాయో భాషాపండితుల చేత తేల్పించాలని కోరింది.

ఈలోపు అటవీశాఖ మేలుకుంది. బస్టాండు పక్కన బొంతు మోజెస్ అనే స్కూటరు మెకానిక్ ఉన్నాడు. అతని కొట్టు మీద "ఇచట అన్ని రకముల ఆయిల్ సీల్స్ దొరకును, పాతవి తీసి కొత్తవి వేయబడును" అని బోర్డు ఉంది. వన్యప్రాణుల అక్రమ రవాణా కింద కొట్టు మీద దాడి జరిగింది. నూనె కారకుండా ఇంజన్లకి బిగించే రబ్బరు చక్రాలు గోనెడు పట్టుబడ్డాయి. అవన్నీ కళ్ళు తెరవని పసికూనలని పంచనామాలో రాశారు. పెద్దవి లారీలకీ, చిన్నవి మోపెడ్లకీ అని మోజెస్ చెప్పిన మాటని వాంగ్మూలంగా తీసుకుని, ముఠా రాష్ట్రమంతా విస్తరించిందని పత్రికలకి చెప్పారు. ఇక కొట్టుని సీలు చెయ్యాలి. అక్కడ చిక్కొచ్చింది. సీలు చెయ్యడమంటే ఒక సీలుని ఎండలో తాళం కప్పకి అంటించి వదిలెయ్యడమే కదా, అది క్రూరత్వం కాదా అని వామనరావు అడ్డు చెప్పాడు. కాదనడానికి ఎవరికీ ధైర్యం చాల్లేదు. చివరికి మోజెస్ నేరస్థుడిగానే ఉండిపోయాడు, కొట్టు తెరిచే ఉండిపోయింది, వ్యాపారం మునుపటికన్నా బాగా సాగింది. అంతకుముందే సీలు చేసి ఉన్న కల్యాణమండపం తలుపు ముందు తాటాకు పందిరి వేసి, లక్కముద్దకి విసరడానికి ఒక మనిషిని పెట్టారు.

ఇందుమతి ఉత్తరానికి ఫలితంగా "పదార్థ నిర్ణయ సంఘం" ఏర్పాటైంది. పదానికి అర్థం తేలుస్తుందో, పదార్థాన్ని తేలుస్తుందో పేరులో స్పష్టం లేదు. సభ మునిసిపల్ హాల్లో జరిగింది. జిల్లా అధికారులు వచ్చారు, పాణిగ్రాహి కూడా వచ్చాడు. విశ్రాంత ఇంగ్లీషు ఆచార్యుడు మైలవరపు కూర్మనాథం లావుపాటి నిఘంటువులు మోయించుకుని వచ్చాడు. ఆయన కాలేజీ వదిలాక తన మాట వినే జనం దొరకడం అదే మొదలు. హాయిగా గొంతు సవరించుకుని, ప్రతి అర్థాన్నీ విప్పుతూ పోయాడు. ప్రాణి ఒక సీలు. రాజముద్ర ఒక సీలు. కాగితం మీద పడిన గుర్తూ సీలే, గుర్తు వేసే పనిముట్టూ సీలే. మూసెయ్యడం సీలు. నోరు మూసుకోవడం కూడా సీలే. ఒక దేశపు నావికాదళంలో సముద్రం, ఆకాశం, నేల అనే మాటల ఇంగ్లీషు మొదటి అక్షరాలు కలిపి సీల్స్ అనిపించుకునే సైనికులున్నారు. వాళ్ళు గవ్వలరేవు వస్తే ఎక్కడ ఉంచాలని పోలీసు అధికారి ఒకాయన అడిగి రాసుకున్నాడు.

"అసలు కీలకం ఇదండీ," అన్నాడు కూర్మనాథం. "ఈ రెండు సీళ్ళదీ ఇంటిపేరు ఒకటే. గోత్రాలు వేరు. జంతువు సీలుది పాత ఇంగ్లీషు గోత్రం, ఆ చలిసముద్రాల ఒడ్డునే పుట్టి పెరిగిన మాట. ముద్ర సీలుది లాటిన్ గోత్రం. చిన్న బొమ్మ అని దాని అర్థం. ఫ్రెంచివారింట పెరిగి ఇంగ్లీషువారింటికి వచ్చింది. వీటికి చుట్టరికం ఏనాడూ లేదు."

ఇందుమతి గుండె తేలికపడింది. ఇంతకన్నా స్పష్టంగా ఎవరు చెప్పగలరు? హాలంతా తల ఊపింది. సభ అయ్యాక వామనరావు తయారుచేసిన తీర్మానం చదివాకగానీ ఆ తలలు ఎందుకు ఊగాయో ఆమెకి బోధపడలేదు. "రెండు సీళ్ళకు గోత్రములు వేరైనందున, వాటి నడుమ సంబంధమునకు శాస్త్రరీత్యా అభ్యంతరము లేదని ఆచార్యులవారు సెలవిచ్చినారు. కావున సంతానోత్పత్తి కార్యక్రమము చేపట్టుటకు తీర్మానించడమైనది."

కూర్మనాథం ఆ కాగితం చదివి, నిఘంటువులు మళ్ళీ మోయించుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా ఇంటికి వెళ్ళిపోయాడు. నోరు మూసుకోవడం కూడా సీలే అని ఆయనే చెప్పాడు కదా.

కార్యక్రమం విజయవంతమైంది. ఎందుకంటే, అరిగిపోయినవాటి బదులు కొత్త సీళ్ళు చేయించాలని పేరినాయుడు ఎప్పుడో పెట్టిన ఇండెంటు సరిగ్గా అదే వారం మంజూరైంది. శీతల గదిలో పొద్దున చూసేసరికి సీళ్ళ సంఖ్య పెరిగింది, పిల్లలు ఆరోగ్యంగా నిగనిగలాడుతున్నాయి. మండలివారి పత్రికలో గవ్వలరేవు ఫొటో వచ్చింది. దేశమంతటా బాలింత సీళ్ళకు ప్రసూతి సెలవు, వేసవి కావడం చేత మిగిలినవాటికి పూర్తి విశ్రాంతి ప్రకటించారు.

దాంతో దేశంలో సీలు అన్నది పడడమే ఆగిపోయింది. కాన్పులు, చావులు, పాలు ఆగినంతకాలం పైన ఎవరికీ ఏమీ కాలేదు. నెలాఖరున సచివాలయంవారి జీతాల బిల్లుల మీద సీలు పడలేదు. ఆ మర్నాడే ప్రభుత్వానికి జ్ఞానోదయమైంది. సీలు అనగా ముద్రయే గాని జంతువు కాదని, సంరక్షణ మండలిని రద్దు చేయుచున్నామని ఉత్తర్వు వెలువడింది. ప్రతి ఆఫీసూ ఆ ఉత్తర్వు ప్రతి మీద తన సీలు వేసి తిప్పి పంపాలి, అప్పుడే అది ఆ ఊళ్ళో అమల్లోకి వస్తుంది.

వామనరావు పక్కనున్న పశువుల ఆసుపత్రికి స్వయంగా వచ్చాడు. అంతకుముందు ఆయన ఆ గేటు తొక్కింది లేదు. పేడ తొక్కకుండా నెమ్మదిగా నడిచి వచ్చి, విషయం విన్నవించాడు. ఉత్తర్వు మీద సీలు వెయ్యాలి. సీళ్ళు విశ్రాంతిలో ఉన్నాయి. విశ్రాంతిలో ఉన్న జంతువుని పనిలోకి దించాలంటే, అది ఆరోగ్యంగా ఉందని సంక్షేమాధికారి ధ్రువీకరించాలి.

"అంటే," అంది ఇందుమతి, "అది జంతువు కాదని సీలు వెయ్యడానికి, అది ఆరోగ్యంగా ఉన్న జంతువని నేను సంతకం పెట్టాలి."

"క్రమం అదేనమ్మా," అన్నాడు వామనరావు.

ఆమెకి నవ్వొచ్చింది. చాలాకాలానికి వచ్చిన నవ్వు కనక ఆపుకోలేకపోయింది. దాణా తొట్టి దగ్గర గేదెలు కూడా తలలు తిప్పి చూశాయి. నవ్వు తేరుకున్నాక ఆమె మాట్లాడిన తీరు వేరుగా ఉంది. ముందు ఆ ఫ్రిజ్‌నీ శీతల గదినీ పశువుల ఆసుపత్రికి బదలాయిస్తూ కాగితం రాయించింది. జంతువుల కోసం మంజూరైన వస్తువు, జంతువులు కానివాటి దగ్గర ఉండడం ఆడిట్ అభ్యంతరం అవుతుందంటే వామనరావు చకచకా సంతకం పెట్టాడు. ఉత్తర్వు తరవాత మొట్టమొదటి సీలు పైడమ్మ కాగితం మీదే పడాలని మాట తీసుకుంది. అప్పుడు వెళ్ళి సీళ్ళను ఒక్కొక్కటే పరీక్షించింది.

మండలి మూతపడ్డాక తన దగ్గరున్న గవ్వలరేవు ఫైళ్ళు అప్పగించడానికి పాణిగ్రాహి ఆ పూటే వచ్చి ఉన్నాడు. గది మూల నిలబడి చూస్తున్నాడు. ఉద్యోగం పోయిన మనిషిలా లేడు, పరీక్ష రాసి బయటికొచ్చిన పిల్లవాడిలా ఉన్నాడు. ఇందుమతి ధ్రువపత్రం మీద సంతకం పెట్టింది. పేరినాయుడు కొత్త సీలుని సిరాలో అద్ది ఉత్తర్వు మీదికి ఎత్తాడు.

"ఒక్క నిమిషం ఆగండి," అంది ఇందుమతి.

ముఖం పూర్తిగా అరిగిపోయిన పాత సీలు ఒకటి గుడ్డ చివర పడి ఉంది. సీలు పడిన క్షణం నుంచి అది మునిసిపల్ ఆస్తి, వేలం వెయ్యకుండా ఎవరికీ ఇవ్వడానికి వీల్లేదు. ఈ క్షణం దాకా జంతువు. వయసు మీరిన జంతువుని సంరక్షణకి అర్హులైనవారికి అప్పగించే అధికారం తనకి మండలి ఉత్తర్వుల్లోనే ఉందని ఆమె కమిషనరుకి గుర్తుచేసింది. ఆయన ఉత్తర్వు తిరగేసి చూసి, నిజమేనన్నాడు. ఇందుమతి ఆ సీలుని తీసి పాణిగ్రాహి చేతిలో పెట్టింది.

"మీరు చూడలేదన్నారు కదండీ," అంది. "ఇంకో నిమిషం దాకా ఇది సీలే. చట్టప్రకారం."

ఆయన దాన్ని రెండు చేతుల్లోకీ తీసుకున్నాడు. అరిగిన మొహం మీద బొటనవేలితో నిమిరాడు. ఇందుమతి తల ఊపింది. పేరినాయుడి చెయ్యి బల్ల మీద దిగింది. ఎన్నాళ్ళకో అంత గట్టిగా కొట్టడంతో కిటికీ అద్దాలు అదిరాయి. వరండాలో పైడమ్మ లేచి నిలబడింది.

సాయంత్రం పాసింజరుకి ఇందుమతి పాణిగ్రాహిని దిగబెట్టడానికి స్టేషనుకి వెళ్ళింది. గవ్వలరేవు దాటాక రైలు కొంతదూరం సముద్రం ఒడ్డునే పోతుంది. ఆయనకి అటువైపు కిటికీ సీటు దొరకలేదు. అక్కడ కూర్చున్న ముసలాయన్ని ఏదో బతిమాలి, చోటు మార్చుకున్నాడు. ఇందుమతికి చెయ్యి ఊపి, జేబులోంచి రుమాలు మూట తీసి విప్పాడు. రైలు కదులుతుండగా ఆ పాత సీలుని కిటికీ చువ్వల దగ్గర, సముద్రం కనబడేట్టు నిలబెట్టాడు.